ఏ యేసును నమ్ముచున్నాము?
(విశ్వాస ప్రమాణమును గూర్చిన రేడియో ప్రసంగము)

 మీలో కొందరు పొలమునకు బయలుదేరుతూ, కొందరు పొయ్యి దగ్గర వంట చేసికొంటూ, కొందరు వ్యాధి మంచము మీద ఉండి ఈ మాటలు వింటున్నారు. తరువాత పత్రికలో చదువుకొనే వారు కూడా ఉన్నారు. మీ అందరినీ దేవుడు దీవించునుగాక.

ఈ మధ్య నాకు వచ్చిన ఉత్తరములలో రెండింటిని ఈ రోజు మీ ముందు ఉంచుతున్నాను. వ్రాసినవారి పేర్లు, ఊర్లు చెప్పను. మొదటి ఉత్తరము ఒక యౌవనస్థుడు వ్రాశాడు. "అయ్యగారూ, ఈ సిద్ధాంతాలు, విశ్వాస ప్రమాణాలు మనకెందుకండీ? నాకు యేసు ఉంటే చాలు. సిద్ధాంతాలవల్ల సంఘాలు విడిపోవడం తప్ప జరిగిందేమిటి?" అని అడిగాడు. రెండవ ఉత్తరము ఒక సహోదరిది. ఆమె భర్త మూత్రపిండముల వ్యాధితో రెండేళ్లు బాధపడి చనిపోయాడు. ఉన్న అర ఎకరము అమ్మి వైద్యము చేయించింది. చావుకు వచ్చిన ఒక బోధకుడు, "నీలో నిజమైన విశ్వాసము ఉండి ఉంటే నీ భర్త బ్రతికేవాడమ్మా" అన్నాడట. ఆమె ఇలా వ్రాసింది: "అయ్యగారూ, ఆదివారము అందరూ నిలబడి విశ్వసించుచున్నాను అని చెప్పేటప్పుడు నా నోరు పెగలడం లేదు. నాకు విశ్వాసము లేదని ఆయన చెప్పారు గదా. ఉన్నదని నేను ఎట్లా చెప్పేది?"

ఈ రెండు ఉత్తరములకు ఒకదానితో ఒకటి సంబంధము లేనట్లు కనబడును. అయితే వాటిని పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, సిద్ధాంతము ఎందుకని అబ్బాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఆ సహోదరి కన్నీటిలోనే నాకు కనిపించింది. ఆ సంగతికి నెమ్మదిగా వద్దాము.

ప్రమాణము అను మాట

మన తెలుగు సంఘములలో దీనిని విశ్వాస ప్రమాణము అంటాము. పెద్దలు ఈ పేరు ఎంత చక్కగా పెట్టారో గమనించండి. ప్రమాణము అంటే ఒక అర్థము ఒట్టు. పెండ్లిలో వధూవరులు ప్రమాణము చేయుదురు, సాక్షి న్యాయస్థానములో ప్రమాణము చేయును. మరియొక అర్థము కొలత. బజారులో తూకపు రాళ్లు, మన తాతల కాలములో ధాన్యము కొలిచిన కుంచము, మానిక, సోల, ఇవన్నీ ప్రమాణములే. ఒక్కొక్కరు తమకు తోచిన మానికతో కొలిస్తే బజారు సాగదు గదా.

విశ్వాస ప్రమాణములో ఈ రెండు అర్థములూ ఉన్నవి. నేను ఈ దేవునివాడను అని సభ ఎదుట మాట ఇచ్చుట ఒకటి. నేను వినే బోధ సరియైనదా కాదా అని కొలిచి చూచుకొనుట రెండవది. మాట ఇచ్చి కొలత మరచినవాడు ఎవరు ఏది చెప్పినా తలయూపును. కొలత పట్టుకొని మాట మరచినవాడు ఇతరుల తప్పులు కొలుచుటలోనే జీవితము గడుపును. రెండూ కావాలి.

దీని మూలము బైబిలులోనే ఉన్నది

విశ్వాస ప్రమాణము మనుష్యులు తరువాత కల్పించినది కాదా అని కొందరు అడుగుదురు. ఇశ్రాయేలీయులు తమ దేవుడైన యెహోవా అద్వితీయుడని ఒప్పుకొనిన మాట ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో చూస్తాము. మత్తయి 16వ అధ్యాయములో ప్రభువు శిష్యులను ఒక సూటి ప్రశ్న అడిగాడు. లోకులు తనను గూర్చి ఏమనుకొనుచున్నారో విన్న తరువాత, మీరైతే నేనెవడనని చెప్పుచున్నారని అడిగాడు. పేతురు ఇచ్చిన జవాబు చిన్నది. ఆయన క్రీస్తనియు, సజీవుడగు దేవుని కుమారుడనియు ఒప్పుకొన్నాడు. క్రైస్తవ విశ్వాస ప్రమాణమునకు అది విత్తనము.

పౌలు 1 కొరింథీ 15వ అధ్యాయములో ఏమి వ్రాశాడో చూడండి. తనకు అప్పగింపబడిన దానినే వారికి అప్పగించితినని చెప్పి, క్రీస్తు మన పాపముల నిమిత్తము మరణించుట, సమాధి చేయబడుట, మూడవ దినమున లేపబడుట, పేతురునకును పన్నెండుగురికిని కనబడుట అని వరుసగా పేర్కొన్నాడు. ఇది పౌలు ఆ పూట ఆలోచించి వ్రాసిన వరుస కాదు. అంతకు ముందే విశ్వాసులు నోటితో నేర్చుకొని, నేర్పించుచున్న మాటలు. క్రొత్త నిబంధన పుస్తకములన్నీ ఒక్క గ్రంథముగా కూర్చబడక మునుపే సంఘము తాను నమ్మినదానిని నాలుగు మాటలలో చెప్పుకొనుట నేర్చుకొన్నది.

బాప్తిస్మపు నీళ్ల యొద్ద

తొలి శతాబ్దములలో బాప్తిస్మము పొందగోరిన వ్యక్తి నీళ్లలో నిలిచియుండగా మూడు ప్రశ్నలు అడిగేవారు. తండ్రిని నమ్ముచున్నావా? కుమారుని నమ్ముచున్నావా? పరిశుద్ధాత్మను నమ్ముచున్నావా? ప్రతి ప్రశ్నకు నమ్ముచున్నాను అని జవాబు, ప్రతి జవాబుతో ఒకసారి నీటిలో మునుగుట. మనము అపొస్తలుల విశ్వాస ప్రమాణము అని పిలిచేది ఈ ప్రశ్నోత్తరములనుండి పెరిగినది. పన్నెండుగురు అపొస్తలులు తలా ఒక మాట చెప్పి దానిని కూర్చిరని ఒక పాత కథ ఉన్నది గాని అది చరిత్ర కాదు. రోమా సంఘములో బాప్తిస్మమునకు వాడిన పాత రూపము క్రమముగా పెరిగి, దాదాపు 8వ శతాబ్దమునకు మనకు తెలిసిన రూపము పొందినది. అపొస్తలులు వ్రాసినది కాకపోయినను, అపొస్తలులు బోధించినదే అందులో ఉన్నది గనుక ఆ పేరు దానికి తగినదే.

ఆ రోజులలో దీనిని కాగితము మీద వ్రాసికొననిచ్చేవారు కాదు. విని, కంఠస్థము చేసి, బాప్తిస్మమునకు ముందు సంఘము ఎదుట ఒప్పజెప్పాలి. ఆఫ్రికాలోని హిప్పో పట్టణ బిషప్పైన అగస్టీను తన దగ్గర నేర్చుకొనేవారికి, పండుకొనేటప్పుడును లేచేటప్పుడును దీనిని చెప్పుకొనండి, అద్దములో ముఖము చూచుకొన్నట్లు ఇందులో మిమ్మును మీరు చూచుకొనండి అని బోధించాడు.

అదే అగస్టీను తన ఆత్మకథలో ఒక సంఘటన వ్రాశాడు. 4వ శతాబ్దము మధ్యలో రోమాలో విక్టోరినస్ అను గొప్ప పండితుడు ఉండెను. పట్టణములో ఆయన విగ్రహము కూడా నిలిపారు. వృద్ధాప్యములో ఆయన లేఖనములు చదివి, తాను లోలోపల క్రైస్తవుడనయ్యానని సింప్లిసియానస్ అను స్నేహితునితో చెప్పాడు. సంఘములో చూచువరకు నేను నమ్మనని ఆ స్నేహితుడు అన్నాడు. గోడలు మనిషిని క్రైస్తవుని చేయునా అని పండితుడు నవ్వేవాడు. ఆయన భయమంతా పెద్ద పెద్ద స్నేహితులు ఏమనుకొందురో అనే. చివరకు ఒక రోజు, మందిరమునకు వెళ్దాము పద, క్రైస్తవుడను కావాలని ఉన్నది అన్నాడు. సిగ్గుపడేవారికి ఏకాంతములో విశ్వాసము ఒప్పుకొనే అవకాశము ఇచ్చేవారు గనుక పెద్దలు ఆయనకు కూడా అట్లే చెప్పారు. ఆయన వద్దన్నాడు. రక్షణ లేని అలంకారశాస్త్రమును అందరి ఎదుట బోధించినవాడను, రక్షణను దాచి ఒప్పుకొందునా అని అడిగి, అందరికీ కనబడునట్లు ఎత్తైన స్థలములో నిలిచి విశ్వాస ప్రమాణము చెప్పాడు. ఆయనను గుర్తుపట్టిన జనము ఆయన పేరే సంతోషముతో గుసగుసలాడిరని అగస్టీను వ్రాశాడు.

ప్రియులారా, మనము ఆదివారము ఆవలిస్తూ చెప్పే మాటలు ఇవే. ఆ వృద్ధ పండితునికి తన గౌరవమంతా పణముగా పెట్టిన మాటలు.

నైసియాలో ఏమి జరిగినది?

ఇప్పుడు యౌవనస్థుని ప్రశ్నకు వద్దాము. యేసు ఉంటే చాలు అన్నాడు. చాలా మంచిది. అయితే తమ్ముడూ, ఏ యేసు?

ఈ ప్రశ్న సంఘములో మొదట బిగ్గరగా లేచినది ఐగుప్తు దేశపు అలెక్సంద్రియ పట్టణములో. అక్కడ అరియస్ అను ఒక పెద్ద ఉండెను. మంచి వక్త, కఠినమైన క్రమశిక్షణ గలవాడు. తన బోధను పాటలుగా కట్టి జనములోనికి పంపాడు. కుమారుడు లేని కాలము ఒకటి ఉండెననియు, ఆయన సృష్టమంతటిలో శ్రేష్ఠుడే గాని సృజింపబడినవాడే అనియు ఆయన బోధ. అరియస్ యేసును తృణీకరించలేదు. ఆయనను పొగిడాడు, ఆయనకు పాటలు పాడాడు. అయితే ఆయన యేసు దేవుడు కాడు, దేవుని క్రిందివాడు.

అలెక్సంద్రియ బిషప్పు అలెగ్జాండరు దీనిని ఎదిరించాడు. గొడవ ఊరినుండి దేశములకు ప్రాకినది. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి 325లో నైసియా పట్టణములో బిషప్పుల సభ పిలిచాడు. ఆ ఊరు నేటి టర్కీ దేశములోని ఇజ్నిక్. సుమారు మూడు వందల మంది బిషప్పులు వచ్చారు. 318 మంది అనేది సంఘములో వాడుకగా వచ్చిన సంఖ్య. వారిలో కొందరి శరీరముల మీద 303లో మొదలైన హింసల మచ్చలు ఇంకా ఉన్నవి. పఫ్నూతియస్ అను ఐగుప్తు బిషప్పుకు ఒక కన్ను పీకివేయబడినదని ప్రాచీన సంఘ చరిత్రకారులు వ్రాశారు. ప్రభువు పేరు కొరకు కన్ను పోగొట్టుకొన్న మనిషికి, ఆ ప్రభువు ఎవరు అన్న ప్రశ్న కాలక్షేపపు చర్చ కాదు.

మొదట వారు లేఖనములోని మాటలతోనే విశ్వాసమును వ్రాయాలనుకొన్నారు. అయితే చిక్కు వచ్చినది. కుమారుడు దేవునినుండి కలిగినవాడు అందామా? అరియస్ పక్షమువారు, సమస్తమును దేవునినుండి కలిగినదే గదా, మేమూ ఒప్పుకొందుము అన్నారు. ఏ మాట తెచ్చినను దానికి తమ అర్థము పెట్టుకొని తలయూపిరని ఆ సభకు వెళ్లిన అథనాసియస్ తరువాత వ్రాశాడు. అప్పుడు తప్పించుకొనుటకు వీలులేని ఒక గ్రీకు మాట పెట్టారు. హోమోఊసియోస్. అంటే కుమారుడు తండ్రితో ఒకే తత్వము గలవాడు. ఈ మాట బైబిలులో లేదు. బైబిలు చెప్పినదానిని మరొకటిగా మార్చకుండా కాపాడుటకే దానిని వాడారు. అరియస్‌తో కూడ ఇద్దరు బిషప్పులు మాత్రము చివరివరకు సంతకము చేయక దేశబహిష్కారమునకు వెళ్లారు.

బైబిలు ఒక్కటే చాలదా?

చాలును. రక్షణకు కావలసినదంతయు బైబిలులో ఉన్నది. విశ్వాస ప్రమాణము బైబిలు పక్కన పెట్టిన రెండవ బైబిలు కాదు. అయితే అరియస్ చేతిలో కూడ బైబిలే ఉన్నదని మరువవద్దు. సామెతలు 8వ అధ్యాయము, యోహాను 14వ అధ్యాయము ఆయన పక్షమువారు చూపించినవే. ఈ రోజు మీ గుమ్మము ముందుకు వచ్చి, యేసు దేవుడు కాడని చెప్పేవారి చేతిలో కూడ బైబిలే ఉండును. చేతిలో బైబిలు ఉన్నదా అని అడిగితే చాలదు. దానిని మొదటినుండి చివరివరకు కలిపి చదివినప్పుడు అది ఎవరిని చూపించుచున్నది అని అడగాలి. విశ్వాస ప్రమాణము ఆ ప్రశ్నకు సంఘము ఇచ్చిన చిన్న జవాబు.

నైసియాలో చక్రవర్తి యేసును దేవుడుగా చేశాడని నవలల్లోను సినిమాలలోను చూచి కొందరు యౌవనస్థులు కలవరపడుచున్నారు. వారికి ఒక సంగతి చెప్పాలి. దాదాపు 112లో, నైసియా ఉన్న ఆ బితూనియ ప్రాంతమునకే ప్లినీ అను రోమా అధిపతి ఉండెను. అతడు క్రైస్తవుడు కాడు, క్రైస్తవులను శిక్షించినవాడు. అతడు ట్రాజన్ చక్రవర్తికి వ్రాసిన ఉత్తరములో, ఈ జనులు తెల్లవారకమునుపే కూడుకొని క్రీస్తును దేవునిగా ఎంచి కీర్తన పాడుదురని తెలియజేశాడు. అంటే సభ జరుగుటకు రెండు వందల సంవత్సరములు ముందే ఆ ప్రాంతపు సామాన్య విశ్వాసులు క్రీస్తును ఆరాధించుచుండిరి. నైసియా క్రొత్త దేవుని కనిపెట్టలేదు. అప్పటికే పాడుచున్న పాటకు అర్థము చెప్పినది.

ఇంకొకటి. చక్రవర్తుల మద్దతుతోనే ఈ ప్రమాణము నిలిచిందా? కాదు. కాన్‌స్టాంటైన్ తానే తరువాత అరియస్ పక్షమువారి వైపు మెత్తబడ్డాడు. ఆయన కుమారుడు కాన్‌స్టాంటియస్ బహిరంగముగా నైసియాను వ్యతిరేకించినవారిని బలపరచాడు. సభకు వెళ్లినప్పుడు పరిచారకుడుగా ఉన్న అథనాసియస్ 328లో అలెక్సంద్రియ బిషప్పయ్యాడు. ఆయనను ఐదు సార్లు తరిమివేశారు. మొత్తము మీద పదిహేడు సంవత్సరములు పరదేశములోను ఎడారిలోను గడిపాడు. 373లో ఆయన చనిపోయాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభలో నైసియా విశ్వాసము స్థిరపరచబడి, పరిశుద్ధాత్మను గూర్చిన మాటలు విస్తరించబడినవి. మనము సంస్కారపు ఆరాధనలో నైసీయ విశ్వాస ప్రమాణము అని చెప్పేది ఆ రూపమునే. 2025లో నైసియా సభకు 1700 సంవత్సరములు నిండినవి.

అథనాసియస్ ఎందుకు అంత పట్టుబట్టాడు? ఒక గ్రీకు మాట కొరకా? కాదు. ఆయన తర్కము చాలా సులువు. మునిగిపోవుచున్న మనిషిని మునిగిపోవుచున్న ఇంకొక మనిషి ఒడ్డుకు చేర్చలేడు. యేసు కూడ సృష్టియే అయితే, సృష్టి సృష్టిని దేవునితో కలుపలేదు. యేసు దేవుడు కానియెడల, సిలువ మీద దేవుడు మనకొరకు తన్నుతాను ఇచ్చుకొనలేదు, వేరెవరినో పంపి తాను దూరముగా ఉండిపోయాడు. మరియు యేసు సృష్టియై ఉండి మనము ఆయనకు మ్రొక్కుచున్నయెడల, అది విగ్రహారాధనయే. తమ్ముడూ, యేసు చాలు అని నీవు ధైర్యముగా చెప్పగలుగుచున్నావంటే, ఆయన నిజముగా చాలినవాడు అని చెప్పుటకు ఎవరో ఇల్లు, ఊరు పోగొట్టుకొన్నారు. నీవు సిద్ధాంతము వద్దన్న ఆ మాటే ఒక సిద్ధాంతము.

పిలాతు పేరు ఎందుకు?

ఇప్పుడు ఆ సహోదరి దగ్గరకు వద్దాము. అమ్మా, మీరు వింటున్నారని ఆశిస్తున్నాను.

విశ్వాస ప్రమాణములో ప్రభువు కాక ఇద్దరు మనుష్యుల పేర్లే ఉన్నవి. ఒకరు మరియ. రెండవవాడు పొంతి పిలాతు. అబ్రాహాము లేడు, దావీదు లేడు, పేతురు పౌలులు లేరు. అన్యాయపు తీర్పు తీర్చిన ఒక రోమా అధికారి పేరు శతాబ్దముల తరబడి క్రైస్తవులు ఎందుకు పలుకుచున్నారు?

మన రక్షణ ఒక కథ కాదు, తేదీ గల సంఘటన అని చెప్పుటకు. పిలాతు 26 నుండి 36 వరకు యూదయను ఏలినవాడు. 1961లో కైసరయ శిథిలములలో తిబెరి చక్రవర్తి పేరు, పిలాతు పేరు చెక్కియున్న రాయి త్రవ్వకములలో దొరికినది. దేవుడు ఆకాశములో ఎక్కడో ఒక ఆలోచనగా ఉండిపోలేదు. ఒక దేశములో, ఒక అధికారి కాలములో, ఒక శుక్రవారము రక్తము చిందించాడు.

ఆ తరువాతి మాటలు చూడండి అమ్మా. ఆయన శ్రమపడ్డాడు. సిలువ వేయబడ్డాడు. చనిపోయాడు. సమాధి చేయబడ్డాడు. నాలుగు మాటలు, నాలుగూ బాధను గూర్చినవే. దేవుని కుమారునికి విశ్వాసము తక్కువైనందున ఈ నాలుగు సంభవించినవా? తండ్రికి పూర్తిగా లోబడిన కుమారుడే ఆ దారిలో నడిచాడు. అటువంటప్పుడు మీ భర్త వ్యాధి, మీ ఇంటిలో చావు, మీ అవిశ్వాసమునకు శిక్ష అని చెప్పే అధికారము ఎవరికి ఉన్నది? విశ్వాస ప్రమాణమును మొదటినుండి చివరివరకు వెదకండి. నమ్మినవాడు జబ్బుపడడనియు, నమ్మినవాని భూమి అమ్ముడుపోదనియు అందులో ఒక్క మాట లేదు. పాపక్షమాపణ ఉన్నది. శరీర పునరుత్థానము ఉన్నది. నిత్యజీవము ఉన్నది.

దేవుడు స్వస్థపరచువాడే. మనము ప్రార్థించుచునే ఉంటాము, వైద్యము చేయించుచునే ఉంటాము. కాని స్వస్థత రానప్పుడు దోషమును ఏడ్చుచున్న విధవరాలి తల మీద పెట్టుట సువార్త కాదు. మీ ఇంటికి వచ్చిన ఆ బోధను ఈ మానికతో కొలవండి. కొలతకు తక్కువ వచ్చినది మీ విశ్వాసము కాదమ్మా, ఆ బోధ.

చూచారా ప్రియులారా, సిద్ధాంతము ఎందుకో? తప్పు సిద్ధాంతము చావు ఇంటిలో ఒక స్త్రీ గుండె మీద రాయి పెట్టినది. ఆ రాయి తీయుటకు సరియైన సిద్ధాంతము కావలసివచ్చినది. ఊరక ప్రేమగా మాట్లాడితే ఆ రాయి కదలదు.

ఇంకొక మాట అమ్మా. మీ నోరు పెగలని ఆదివారములలో ఏమి చేయాలి? వెళ్లి నిలబడండి. మీ ముందు వరుసలోని వృద్ధురాలు, మీ వెనుక ఉన్న పిల్లలు చెప్పుచున్నారు గదా. వారి స్వరములో మీరు ఉన్నారు. మార్కు 9వ అధ్యాయములో జబ్బు బిడ్డను తెచ్చిన ఆ తండ్రి, నమ్ముచున్నానని చెప్పిన నోటితోనే తన అపనమ్మకమునకు సహాయము చేయుమని ఏడ్చాడు. ప్రభువు అతనిని వెళ్లగొట్టలేదు. బిడ్డను బాగుచేశాడు.

సిద్ధాంతము విడదీయునా?

కొన్నిసార్లు విడదీసినది, అది నిజమే. పరిశుద్ధాత్మ తండ్రినుండి బయలుదేరునా, తండ్రినుండియు కుమారునినుండియు బయలుదేరునా అన్న మాట మీద తూర్పు, పశ్చిమ సంఘములు వాదించుకొన్నవి. 1054 నాటి చీలికలో అది కూడ ఒక కారణము. మన పితరుల గర్వము అందులో ఎంతో ఉన్నది. దానికి మనము సిగ్గుపడాలి.

కాని రెండవ వైపు కూడ చూడండి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. ఆంగ్లికనులు, మెథడిస్టులు, అంతకుముందే ఏకమైయున్న ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్క సంఘమయ్యారు. వారి ఆరాధన పద్ధతులు వేరు, పరిపాలన వేరు. వారందరూ కలిసి నిలబడుటకు ఒప్పుకొన్న పునాదిలో పరిశుద్ధ లేఖనములు, వాటికి సాక్ష్యమిచ్చే అపొస్తలుల, నైసీయ విశ్వాస ప్రమాణములు ఉన్నవి. మన తెలుగు జిల్లాలలో ఎన్నో గ్రామ సంఘములు ఆ ఐక్యతలోనివే. అక్షరము రాని మన అవ్వలు తాతలు ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము విని నోటికి నేర్చుకొని బాప్తిస్మము పొందారు. చదువు రాకపోయినా తాము ఎవరిని నమ్మినదీ వారికి బాగా తెలుసు.

మా సంఘములో విశ్వాస ప్రమాణము చెప్పము అనేవారు కూడ వింటున్నారు. బాప్తిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సహోదరులలో అనేకులు దానిని ఆరాధనలో చదువరు. వారిని నేను తప్పుపట్టను. బాప్తిస్మమిచ్చేముందు మీరు అడిగే ప్రశ్నలు, మీరు పాడే పాటలు, సంఘ నియమావళి మొదటి పేజీలో వ్రాసికొన్న విశ్వాసము, ఇవన్నీ ఆ పనే చేయుచున్నవి. ఏ పేరుతో పిలిచినా, సంఘమునకు కొలత లేకుండ జరగదు.

గట్టు, పంట

చివరిగా ఒక హెచ్చరిక. మన వరి మడికి గట్టు ఉండును. గట్టు మీద వరి పండదు. గట్టును చూచి ఎవరూ కడుపు నింపుకొనరు. కాని గట్టు తెగితే మడిలో నీరు నిలువదు, నీరు నిలువకపోతే పంట లేదు. సిద్ధాంతము గట్టువంటిది. గట్టు తెంచుకొన్న సంఘమును చూచాము. గట్టు మాత్రము ఎత్తుగా కట్టుకొని మడి ఎండబెట్టుకొన్న సంఘమును కూడ చూచాము. త్రిత్వమును గూర్చి తప్పులేకుండ చెప్పగలిగి, పక్క వీధిలోని విశ్వాసిని కులము చూచి బల్ల దగ్గర వెనుకకు నెట్టే సంఘమునకు విశ్వాస ప్రమాణము సాక్షిగా నిలుచునే గాని సహాయము చేయదు. పరిశుద్ధుల సహవాసమును నమ్ముచున్నానని నోటితో చెప్పి సహవాసమును నిరాకరించితే, ఆ ప్రమాణము అబద్ధ ప్రమాణమే. దేవుడు ఒక్కడేనని దయ్యములు కూడ నమ్మి వణకుచున్నవని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో వ్రాశాడు. వాటికి సిద్ధాంతము తెలియును, ప్రేమ తెలియదు.

మార్టిన్ లూథరు 1528లో సాక్సనీ గ్రామములు తిరిగి, విశ్వాస ప్రమాణము కూడ తెలియని విశ్వాసులను చూచి దుఃఖపడి, 1529లో చిన్న ప్రశ్నోత్తరి వ్రాశాడు. అందులో ఆయన ప్రతి భాగమునకు వివరణ ఇచ్చినప్పుడు, దేవుడు లోకమును చేశాడని చెప్పి ఆగలేదు. నన్ను చేశాడు, నన్ను విమోచించాడు, నన్ను పిలిచాడు అని నేర్పించాడు. మన తెలుగు లూథరను కుటుంబములలో తరతరములు దానిని కంఠస్థము చేశారు. సిద్ధాంతము నావరకు వచ్చినప్పుడే అది విశ్వాసమగును.

పౌలు చెరసాలలో ఉండి 2 తిమోతి 1వ అధ్యాయములో వ్రాసినదానిని గమనించండి. తాను దేనిని నమ్మెనో తెలియునని ఆయన వ్రాయలేదు, తాను ఎవరిని నమ్మెనో తెలియునని వ్రాశాడు. విశ్వాస ప్రమాణము చివరకు మనలను ఒక వ్యక్తి దగ్గరకు తీసికొనిపోవును. ఆయన పేరు యేసు. పిలాతు ఎదుట నిలిచినవాడు, మరణించి లేచినవాడు, మనలను ఎరిగినవాడు.

వచ్చే ఆదివారము మీరు నిలబడి ఆ మాటలు చెప్పునప్పుడు నెమ్మదిగా చెప్పండి. ఒక్కొక్క మాట దగ్గర ఆగండి. విక్టోరినసును, అథనాసియసును, మీ అవ్వను జ్ఞాపకము చేసికొనండి. మన మధ్య నోరు పెగలని సహోదరి కొరకు కొంచెము గట్టిగా చెప్పండి.

ప్రార్థన చేసికొందాము. ప్రేమగల తండ్రీ, నిన్ను ఎరుగునట్లు మాకు మాటలు ఇచ్చినందుకు స్తోత్రము. మా మాటలు నీ కుమారుని దాచక చూపించునట్లు చేయుము. తప్పు బోధవలన గాయపడినవారిని ఆదరించుము. నమ్మలేక ఏడ్చుచున్నవారిని సంఘము చేయి పట్టుకొని నిలబెట్టునట్లు కృప చూపుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.